చిన్నవాడి కొలత

అన్నదమ్ములిద్దరూ ఒకే షెడ్డులో ఇరవై రెండేళ్లు పనిచేశారు. కస్టమర్లకు ఒకరు పెద్దమేస్త్రి, ఒకరు చిన్నమేస్త్రి. ఇద్దరి బల్లలూ ఎదురెదురు గోడలకు ఉండేవి. పెద్దమేస్త్రి బల్లమీద పానాలు సైజు వారీగా, కొలువులో నిలబడ్డట్టు ఉండేవి. చిన్నవాడి బల్లమీద ఏది ఎక్కడుందో వాడికి తప్ప ఎవరికీ తెలిసేది కాదు.

"ఇది బల్ల కాదురా, కోతులు దిగిన తోట" అనేవాడు అన్న.

"నీ ఇంజన్లు నీలాగే అన్నయ్యా. కాస్త మెట్టు ఎక్కమంటే ఆయాసపడతాయి" అనేవాడు తమ్ముడు.

తమ్ముడు పోయి పది నెలలైంది. రాత్రి పడుకున్నవాడు తెల్లారి లేవలేదు. వాడు ఒక్కో బోల్టూ తనే బిగించి తయారుచేసుకున్న పందేల కారు మిగిలింది. దాన్ని మరదలు రోజూ ఆఫీసుకు నడుపుకుంటూ వెళ్లేది. పోయినవారం ఇంజన్లోంచి టకటకమని చప్పుడు మొదలైంది. ఆమె బండిని ఇంకో గజం కూడా నడపకుండా లాగించుకు వచ్చి షెడ్డులో పెట్టింది.

"బావగారూ, ఇది ఆయన కట్టిన ఆఖరి ఇంజన్" అంది ఆవేళ. "చప్పుడు వింటే అందరూ ఒకటే మాట, మీ ఆయన తొందర మనిషి అని. నాకు తెలియాలి. ఆయన పనిలో తప్పుంటే ఉందనే చెప్పండి. నన్ను చూసి దాచొద్దు."

చెబుతానన్నాడు పెద్దమేస్త్రి. ఏం చెప్పాలో ఇంజన్ విప్పకముందే అతనికి తెలుసు. తొందర. ఇంకేముంటుంది?

చప్పుడు ఎక్కడిదో వినగానే పోల్చుకున్నాడు. పిస్టన్ నుంచి కిందికి వచ్చే రాడ్డు క్రాంకును, అంటే గిరగిరా తిరిగే ఇరుసును, పట్టుకునే చోట రెండు సగం గాజుల్లాంటి బేరింగులుంటాయి. వాటికీ క్రాంకుకీ మధ్య వెంట్రుకంత కూడా లేని ఖాళీ. ఆ ఖాళీలో నూనె నిలబడితే ఇనుము ఇనుమును తాకదు. నూనె నిలవకపోతే బేరింగు అరిగి, రాడ్డు కొట్టుకుంటుంది.

సోమవారం ఇంజన్ దింపి విప్పాడు. ఆరు రాడ్లలో మూడోదాని బేరింగు పూత లేచిపోయి, అడుగున రాగి ఎర్రగా కనిపించింది. అదృష్టం, క్రాంకు మీద గీత పడలేదు. మిగతా ఐదూ పైపైన నలిగాయంతే. 'ఒకటి వదులు, ఒకటి బిగువు. కొలవకుండా బిగించేశాడు' అనుకున్నాడు. వయసులో పెద్దవాడు కదా, జాలితోపాటు మనసు మూలన ఇంకోటి కూడా కదిలింది. నేను చెప్పలేదా అనే మాట. చచ్చినవాడి మీద గెలవడం ఏం గెలుపని, తనను తనే విసుక్కున్నాడు.

మైక్రోమీటరు తీసి కొలిచాడు. ఒకటో రాడ్డు దగ్గర ఖాళీ అంగుళంలో వెయ్యింట మూడు వంతులు. రెండోదీ మూడే. నాలుగోదీ మూడే. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ మొదటినుంచి వచ్చాడు. ఐదూ మూడే. మామూలు బండికి రెండు ఉండాలి. పొరపాటైతే ఒకచోట రెండున్నర, ఒకచోట మూడున్నర ఉండాలి కదా. బేరింగుల వీపు తిప్పి చూశాడు. ఎక్కువ ఖాళీ కోసం చేసిన సైజు అని అచ్చు వేసి ఉంది. అంటే పందేల వేగానికి ఇంజన్ బిగుసుకోకూడదని కావాలనే తెప్పించాడు. కోతులు దిగిన తోటలో కూర్చుని, ఆరింటినీ ఒక్కలా, దారం పట్టి గీసినట్టు బిగించాడు.

పెద్దమేస్త్రి స్టూలు మీద కూర్చుండిపోయాడు.

అంత ఖాళీ ఇచ్చినవాడు చిక్కటి నూనె పోస్తాడు. చిన్నవాడు అదే పోసేవాడు, డబ్బాలు వేరుగా తెప్పించుకుని. "నూనె పోస్తున్నావా, పాకం పోస్తున్నావా?" అని తను నవ్వేవాడు కూడా. వాడు పోయాక రెండుసార్లు, మరదలు అడక్కపోయినా, నూనె మార్చినవాడు తనే. ఇంటి మనిషికి ఆ మాత్రం చెయ్యలేనా అని. పోసింది మూలనున్న డ్రమ్ములోది, అందరి బండ్లకూ పోసే పల్చటి నూనె. తమ్ముడి డబ్బాలు రెండు సీలు విప్పకుండా ఇంకా బల్లకిందే ఉన్నాయి.

ఆ ఖాళీలో పల్చటి నూనె నిలవలేదు. బేరింగును తినేసింది తమ్ముడి తొందర కాదు.

మధ్యాహ్నం మరదలు వచ్చింది. విప్పిన ఇంజన్ని చూడగానే గుమ్మంలోనే ఆగింది.

"కూర్చో అమ్మా" అని స్టూలు తుడిచాడు.

"నిలబడే వింటాను. చెప్పండి బావగారూ."

అరుగుదల, కాలం తీరింది అంటే సరిపోయేది. ఆమె నమ్మేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"వాడి పనిలో వీసమెత్తు తప్పులేదు" అన్నాడు. "తప్పు నాది. వాడు చిక్కటి నూనెకి కట్టిన ఇంజన్లో నేను పల్చటిది పోశాను, రెండుసార్లు. నిన్ను అడగలేదు, దాన్నీ కొలవలేదు. నా డ్రమ్ములో ఉన్నదే లోకంలో ఉన్న నూనె అనుకున్నాను."

ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. బల్లమీది బేరింగుల్లో ఒకటి తీసి, వేలితో లోపలి నునుపు తడిమి చూసింది.

"అన్నీ ఒకేలా ఉన్నాయా?"

"ఒకేలా. నేనైతే అంత బాగా చెయ్యలేను."

తల ఊపింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, బేరింగు ఎక్కడిదక్కడే పెట్టింది.

"మళ్లీ వాడి సైజే తెప్పిస్తాను" అన్నాడు అతను. "ఆ మూడు వంతులే ఉంచుతాను, వాడి నూనే పోస్తాను. వాడు ఎలా కట్టాడో అలాగే నీ చేతికిస్తాను."

"అలాగైతే పొద్దున్నే ఐదు నిమిషాలు వేడెక్కనివ్వాలి కదా?"

"ఆ, చిక్కటి నూనె మరి. ఎక్కిన వెంటనే లాగకూడదు."

"ఆయనున్నప్పుడు ఆ ఐదు నిమిషాలూ బండిలోనే కూర్చునేవాళ్లం" అంది. "రోజు మొత్తంలో మేం తీరిగ్గా మాట్లాడుకున్నది అప్పుడే. ఈ పది నెలలూ ఒక్కదాన్నే కూర్చుంటున్నాను. పక్క సీటు చూడలేక అద్దంలోకి చూస్తాను." అతని వైపు తిరిగింది. "ఎక్కగానే కదిలేలా చెయ్యగలరా, బావగారూ?"

పెద్దమేస్త్రి బల్లకింది డబ్బాల వైపు చూశాడు. తమ్ముడి కొలతను నిలబెడితే తన తప్పు కొంతైనా తీరుతుందనుకున్నాడు. అది తన లెక్క. ఆమెది వేరు.

"చెయ్యొచ్చు" అన్నాడు. "మామూలు సైజు వేస్తే ఖాళీ రెండుకు వస్తుంది. పూత మెత్తగా ఉన్నవి తీసుకుందాం. సన్న నలుసు పడినా తమలో ఇముడ్చుకుంటాయి, క్రాంకును గీయనివ్వవు. పందేలకి పనికిరాకపోవచ్చు గానీ నువ్వు పందేలకి వెళ్లవుగా."

"ఆఫీసుకి ఆలస్యమైనప్పుడు తప్ప."

అతను ఫోను తీసి విడిభాగాల కొట్టుకు చేశాడు. కొట్టతను ఇంజన్ పేరు వినగానే గుర్తుపట్టాడు.

"చిన్నమేస్త్రిదేగా? ఎక్కువ ఖాళీవి పంపిస్తాను, ఎప్పుడూ అవే తీసుకునేవాడు."

"వద్దు. మామూలు సైజు, మెత్తవి, ఆరు జతలు."

"అంటే ఆయన లెక్క తప్పంటావా అన్నా?"

"నోరు మూసుకో. వాడి లెక్క నాకూ నీకూ అందేది కాదు" అన్నాడు పెద్దమేస్త్రి. "నడిపే మనిషి మారింది, అంతే."

ఫోను పెట్టేసరికి మరదలు సంచీ భుజానికి తగిలించుకుంది. ఎప్పటికవుతుందని అడిగింది. శుక్రవారం అన్నాడు.

"నూనె మార్చేటప్పుడు మాత్రం ముందు నన్నడగండి" అంది.

"అడుగుతానమ్మా" అన్నాడు. ఆమె వెళ్లాక మైక్రోమీటరు తుడిచి, కొలవకుండా వదిలేసిన మూడో రాడ్డు దగ్గర క్రాంకును కూడా కొలిచాడు.