గోటికి గట్టు పెట్టిన కుంచె

నేను ఒక కుంచెను. గోడకు సున్నం కొట్టేదాన్ని కాదు, బొమ్మలు వేసేదాన్నీ కాదు. ఆడవాళ్ల గోళ్ల మీద గోళ్లు కట్టేదాన్ని. దేవుడిచ్చిన పదీ చాలక పైన మరో పది కట్టించుకునే జనం ఉన్నారని, పనిలో పడేదాకా నాకూ తెలియదు.

ఏదో చలిదేశంలో ముంగిసలాంటి జంతువు తోక వెంట్రుకలు పిడికి బిగించి నన్ను చేశారట. ఆ తోక లేకుండా ఆ జంతువు ఏం చేస్తోందో ఎవరూ అడగలేదు. నా పిడి మీద ఎనిమిది అంకె వేసి పెట్టెలో పెట్టారు.

మొదట హైదరాబాదులో రెండు రోజుల క్లాసు చెప్పే ఒకావిడ చేతికి వెళ్లాను. ఆవిడ నన్ను గాలిలో తిప్పినంతగా గోటి మీద తిప్పలేదు. ఆ క్లాసుకు వచ్చిన హేమామణి సర్టిఫికెట్టుతో పాటు నన్నూ కొనుక్కుని భీమవరంలో తన బ్యూటీ పార్లరుకు తెచ్చింది. సర్టిఫికెట్టు గోడకెక్కింది. నేను సొరుగులోకి దిగాను.

అందులోంచి నన్ను బయటికి తీసింది చిట్టెమ్మ. ఆకివీడు అవతలి పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చి, రెండేళ్లుగా ఆ పార్లరులో తువాళ్లు మడతపెడుతూ, కత్తిరించిన జుట్టు ఊడుస్తూ ఉండేది. గోళ్ల పనికి మనిషి దొరక్క హేమామణి మేడం ఆమెను గోళ్ల బల్ల ముందు కూర్చోబెట్టింది. ముందుగా పేరు మార్చింది.

"చిట్టెమ్మంటే ఎవరూ చెయ్యివ్వరే. ఇవాళ్టి నుంచి నువ్వు చెర్రీ."

చెర్రీ పండును చిట్టెమ్మ కేకు మీద తప్ప చూడలేదు.

మా పని సంగతి చెప్పాలి. గోటి మొదలున గులాబీ రంగు, కొసన తెలుపు. రెండూ కలిసేచోట నవ్వినట్టు వంపు తిరిగిన గీత. దీన్ని ఫ్రెంచి గోరంటారు. పొడినీ, ముక్కు పగిలే వాసనేసే ద్రవాన్నీ నా కొసతో చిన్న ఉండలా కలిపి అద్దితే గట్టిపడుతుంది. చిక్కల్లా ఏమిటంటే, అడుగున ఉన్న అసలు గోరు పెరుగుతుంది. మూడు వారాలకు గోటి మొదలున ఖాళీ వస్తుంది, నవ్వు గీత ముందుకు జరిగిపోతుంది. అప్పుడు ఖాళీ పూడ్చి, గీతను వెనక్కి లాగాలి. ఈ పూడ్చే పని పేరు ఇన్‌ఫిల్. కొత్తగోరు ఎవరైనా కడతారు. పూడ్చడంలోనే పని తెలుస్తుంది.

మేడం నేర్పిన పద్ధతి తేలిక. ఖాళీలో గులాబీ మెత్తు, పాతదాని మీదే కొత్త తెలుపు పూసెయ్. చిట్టెమ్మ అలాగే పూసింది. నేనూ అలాగే పాకాను. చూడ్డానికి బాగానే ఉండేది, గుమ్మం దాటేదాకా.

రైసుమిల్లు వాళ్ల తులసీరత్నంగారి గోళ్లు కూడా అలాగే పూశాం. ఆవిడ చేతులకు పదిమందికీ కనబడటమే పని. మేనకోడలి ఓణీల ఫంక్షనులో ఆవిడే నిలబడి పులిహోర వడ్డించారు. గరిటె ఉంది. గోళ్లు కనబడవని చేత్తో వడ్డించారు. మర్నాడు పార్లరుకొచ్చి చెయ్యి చాపారు. చూపుడువేలి కొసన తెలుపు లేదు.

"ఎక్కడ పడిందండీ?" అంది మేడం.

"మా తోడికోడలి అన్నయ్యగారి విస్తట్లో. కొబ్బరి ముక్కనుకుని నమిలారంట. పన్ను కదిలిందమ్మా ఆయనకి! వచ్చే లక్ష్మివారం మా అమ్మాయి నిశ్చితార్థం. ఆయన మళ్లీ వస్తారు. ఈసారి గోరూడిందో, ఊరంతా చెప్తాను."

ఆవిడ వెళ్లాక మేడం చిట్టెమ్మ వైపు తిరిగింది. "ఇంకొక్కటి ఊడిందంటే మళ్లీ తువాళ్లకే పోతావు. ఈ బల్ల నీది కాదు. అర్థమైందా చెర్రీ?"

చిట్టెమ్మకు అర్థమైంది. తన పేరున ఒక కుర్చీ ఉండటం ఆమెకు అదే మొదటిసారి, ఆ పేరు తనది కాకపోయినా.

ఆదివారం నన్నూ, ఒక ప్లాస్టిక్కు గోరునూ ఇంటికి తీసుకెళ్లింది. అరుగు మీద కూర్చుని తెలుపు పూయడం, వేలితో నొక్కి చూడటం. నొక్కిన ప్రతిసారీ కొత్త తెలుపు పెచ్చులా లేచొచ్చేది. వాళ్ల నాన్న వీరన్న చేలోంచి వచ్చి, పార గోడకానించి, కాళ్లు కడుక్కుంటూ చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయన చూసినంత మాట్లాడే మనిషి కాదు.

"ఏంటమ్మా అది?"

"గోరు నాన్నా. పాతదాని మీద కొత్తది నిలబట్టంలేదు."

"ఎలా నిలబడద్దే? గట్టు చెక్కకుండా ఎవడన్నా బురద మెత్తుతాడా?" అని తువాలుతో మొహం తుడుచుకుని అన్నానికి వెళ్లిపోయాడు.

చిట్టెమ్మ నన్ను పక్కన పెట్టి, గోడకానించిన పార వైపు చూసింది. ఏటా ఊడ్పులకు ముందు ఆయన చేసే పనే అది. పాత గట్టు మొహం పారతో నిలువుగా చెక్కుతాడు. గడ్డీ, వదులు మన్నూ పోయి గట్టినేల బయటపడ్డాకే కొత్త బురద ఆనించి నొక్కుతాడు. చిన్నప్పుడు ఆ బురద అందించింది ఈ పిల్లే. రెండు రోజుల క్లాసులో లేని ముక్క ఇరవయ్యేళ్లుగా ఇంట్లోనే ఉంది.

బుధవారం తులసీరత్నంగారు కూర్చున్నారు. చిట్టెమ్మ గోళ్లు అరగదీసే మిషను తీసి, కొత్త నవ్వు గీత రావలసినచోట పాత గులాబీని గట్టు మొహంలా నిలువుగా కోసింది. అక్కణ్ణుంచి కొసదాకా పాతదంతా పలచగా అరగదీసింది, అడుగున అసలు గోటికి తగలకుండా.

"అయ్యబాబోయ్, బాగున్నదాన్ని కోసేస్తున్నావేంటే!" మేడం పరుగెత్తుకొచ్చింది.

"ఒక్క పావుగంట ఆగండి మేడంగారూ."

నా బతుకులో మొదటిసారి నాకు ఆనుకోవడానికి ఒక గట్టు దొరికింది. తెల్లటి ఉండను తెచ్చి ఆ గోడకు నొక్కాను. చిట్టెమ్మ నా కొసతో ఈ మూల నుంచి ఆ మూలకు ఒక్కసారి తుడిచింది. గీత దారంలా నిలిచింది. గోటి మొదలున ఖాళీకి గులాబీ, చర్మానికి వెంట్రుకవాసి ఎడం వదిలి. పది వేళ్లూ అయ్యేసరికి చిట్టెమ్మ జాకెట్టు వీపు తడిసిపోయింది.

మూడు వారాలు ఎవరూ ఏమీ అనలేదు. చిట్టెమ్మ తలుపు చప్పుడైతే చాలు ఉలిక్కిపడేది. ఒకరోజు తులసీరత్నంగారు వచ్చి రెండు చేతులూ బల్ల మీద పెట్టారు.

"పులిహోరేంటి, పీతల ఇగురు కూడా తిన్నాను. ఒక్కటి ఊడితే ఒట్టు! ఆ పన్ను కదిలినాయన మటుకు నేను వడ్డిస్తానంటే విస్తరి మీద చెయ్యడ్డం పెట్టేశారు."

"అది మా పద్ధతండీ," అంది హేమామణి వెంటనే.

నెల తిరక్కుండా ఆ పద్ధతికి ‘హేమా ఫ్రెంచి కట్’ అని బోర్డు లేచింది. అయిదుగురు ఆడపిల్లలు క్లాసుకొచ్చారు. మేడం నన్ను ద్రవంలో తడిపి, తెల్లపొడిలో ముంచి పైకెత్తి, తన కష్టం గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఉపన్యాసం సాగింది. నేను గట్టిపడ్డాను.

"అయినా ముందు కొయ్యడం ఎందుకు మేడం?" అని ఒక పిల్ల అడిగింది.

"ఫ్రాన్సులో అంతేనమ్మా."

"అక్కడైనా ఎందుకండీ?"

మేడం నా వైపు చూసింది. నేను రాయిలా ఉన్నాను. పిల్లలు మూలనున్న బల్ల వైపు చూశారు.

"గట్టు చెక్కకుండా బురద మెత్తితే ఊడిపోద్దండి," అంది చిట్టెమ్మ. అయిదుగురూ రాసుకున్నారు.

"థాంక్సండీ చెర్రీగారూ."

"నా పేరు చిట్టెమ్మండి."

మేడం కాదనలేదు. కాదంటే తర్వాతి ప్రశ్నకు జవాబెవరు చెబుతారు? ఆ బల్ల అప్పటినుంచి చిట్టెమ్మదే. తువాళ్లకు వేరే మనిషిని పెట్టారు.

వెంట్రుకలు అతుక్కుపోయిన కుంచె ఇక పనికిరాదు. చెత్తబుట్టలో పడబోయిన నన్ను చిట్టెమ్మ ఇంటికి తెచ్చి వీరన్నకిచ్చింది. ఇప్పుడు చేలో మోటారు షెడ్డులో ఉన్నాను. స్టార్టరు పెట్టె మీది సాలెగూళ్లు దులపడం నా పని. వీరన్న ఫ్రాన్సు గురించి ఏమీ చెప్పడు.

నిన్న ఆయన గట్టు చెక్కాడు. తలుపు సందులోంచి చూశాను. పార ఒక్క వేటుకు దిగింది, మన్ను నిలువుగా తెగింది. ఈ మూల నుంచి ఆ మూలకు ఎక్కడా వంకర లేదు. ఇక్కడి గోడకు సర్టిఫికెట్టూ లేదు.