ఏడో నంబరు కోసం ప్రార్థన

గజపతినగరం బాప్టిస్టు చర్చిలో బుధవారం స్త్రీల ప్రార్థన కూడిక అంటే ఎవరి మోకాళ్ళ నొప్పి వారిది, ఎవరి కొడుకు ఉద్యోగం వారిది. అలాంటి చోట దేవమణి లేచి, "మా అక్క కూతురు స్వర్ణ ల్యాబులో ఏడో నంబరు గెలవాల, ఆ మందు నాకు అందాల. ప్రార్థన సెయ్యండమ్మా" అని అడిగింది. ఎవరూ నవ్వలేదు. రొమ్ము కేన్సరు తిరగబెట్టిన మనిషి అడిగితే ఎవరు నవ్వుతారు?

తప్పంతా స్వర్ణదే. నోరు ఊరుకోదు కదా! విమానాశ్రయం భూముల గొడవ నడుస్తున్న ఆ రోజుల్లో భోగాపురం దగ్గర ఒక మందుల పరిశోధన కంపెనీలో చేస్తోంది. ఆ పనంతా పిన్నికి అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది. యాంటీబాడీ కేన్సరు కణాన్ని గుర్తుపట్టి అతుక్కుంటుంది. దానికి విషం తగిలించి పంపితే కణం లోపలికి మోసుకుపోయి చంపుతుంది. అలాంటివి బోలెడు తయారుచేసి, నంబర్లు వేసి, పనికొచ్చేదాన్ని ఏరాలి. మనుషులకి మందుగా వచ్చేసరికి ఏళ్ళు పడతాయని కూడా చెప్పింది. అది మాత్రం పిన్ని చెవికెక్కలేదు. ఏడు దేవుడి సంఖ్య, అదే గెలుస్తాదని పట్టుకు కూర్చుంది.

చిత్రం ఏమిటంటే, గెలిచింది. ఏడో నంబరు వేసిన చోటల్లా కేన్సరు కణాలు తుడిచిపెట్టుకుపోయాయి. స్వర్ణ ఆగలేక ఫోన్ చేసేసింది. చర్చిలో స్తోత్రాలే స్తోత్రాలు. ఆ తరవాత ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాల కణాల మీద వేసి చూసింది. అవీ చచ్చాయి.

"ఇంకోసారి చేసి చూడమ్మా" అన్నాడు పైఅధికారి పృథ్వీరాజ్. చేసింది. మళ్ళీ అంతే. ఆ మూత్రపిండాల కణాలే సరిగా పెరగలేదని రాసేస్తే ఏడో నంబరు ఇంకొన్నాళ్ళు నిలిచేది. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. వచ్చింది, వెంటనే సిగ్గేసింది. ఏడును తనే జాబితాలోంచి కొట్టేసి, బుధవారం సెలవు పెట్టి బస్సెక్కింది.

దేవమణి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"ఏడో నంబరు తీసేశాం పిన్నీ."

"ఏటే, సంపలేదేటి?"

"సంపింది. మంచి కణాల్ని కూడా సంపేసింది."

దేవమణి చేతులు ఆగిపోయాయి. "మేం సంపమనే అడిగాం" అంది. "ఏటి వొదిలెయ్యాలో అడగనేదు."

"మీ ప్రార్థనకీ దీనికీ సంబంధం లేదు పిన్నీ."

"ఇంకోటి దొరుకుతాదా?"

"ఎతుకుతాం. దొరుకుతాది."

"నేనుండగా వస్తాదా?"

స్వర్ణ తల అడ్డంగా ఊపింది. దేవమణి "సర్లే" అని మళ్ళీ ఈనెలు తీయడం మొదలుపెట్టింది.

సాయంత్రం కూడికలో అందరికంటే ముందు ఆమే లేచింది. "మంచిదాన్ని వొదిలేసి సెడ్డదాన్నే సంపేది దొరకాల. ప్రార్థన సెయ్యండమ్మా."

"నంబరెంత అక్కా?" అని అడిగింది దానమ్మ.

"నంబరొద్దు. ఈసారి నా పేరూ వొద్దు. ఎవులికి అందితే ఆళ్ళకే."

వెనక బల్ల మీద స్వర్ణ తల వంచుకుని ఏడ్చేసింది.