హాజరు గంట, ఒక తల

నేను ఒక ఉక్కు పరికరాన్ని. రెండు వంపు కాళ్ళు, మధ్యలో అంకెలు చెక్కిన బద్ద, అంతే నా ఒళ్ళు. మనిషి తలను రెండు వైపులా పట్టుకుని కొలత చెప్పడం నా పని. దొంగబుద్ధి ఎముకలోనే ఉంటుందని నమ్మిన సీమదొరలు నన్ను చేయించారు. బుద్ధి సంగతి నాకేం తెలుసు? నాకు తెలిసినవి అంగుళాలే.

ఓడ దిగి, డాక్టరు పురుషోత్తంగారి తోలుపెట్టెలో కోస్తాలోని ఒక సెటిల్మెంటుకు చేరాను. పుట్టుకతోనే దొంగలని సర్కారు ముద్రవేసిన ఎరుకల కుటుంబాలను అక్కడ కంచె వేసి ఉంచారు. గంట కొట్టగానే అందరూ వరసలో నిలబడి హాజరు పలకాలి. డాక్టరుగారు చెడ్డవారు కాదు. చీమను కూడా తొక్కకుండా నడిచేవారు. కానీ పుస్తకంలో ఉన్న మాట ఆయనకు వేదం. తల వంకరగా కనిపిస్తే 'నేర స్వభావం' అని రాసేవారు. అలా రాసిన పిల్లలను అయినవాళ్ళకు దూరంగా, పై జిల్లా హాస్టలుకు పంపేసేవారు.

ఒక పొద్దున నాంచారమ్మ అనే ముసలమ్మ ఏడేళ్ళ మనవరాలు మస్తానమ్మను తీసుకొచ్చింది. తల్లి పురిట్లోనే పోతే పిల్లను సాకింది ఆమే. ఒకరికొకరు తప్ప వాళ్ళకెవరూ లేరు. నా చల్లని కాళ్ళు తగలగానే పిల్ల కిసుక్కున నవ్వింది. చక్కిలిగింతలట! నేను కొలిచిన వందల తలల్లో నవ్విన తల అదొక్కటే. నాకు ముద్దొచ్చింది. కానీ ఎడమవైపు చదునుగా ఉంది, అబద్ధం చెప్పలేను కదా. డాక్టరుగారు కలం అందుకున్నారు.

"ఏం రాత్తన్నారు దొరా?" అంది నాంచారమ్మ.

"తల ఒకవైపు చదునమ్మా. ఇది పుట్టుకతో వచ్చిన లక్షణం. పిల్లను పంపించాలి."

ముసలమ్మ పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. "పుట్టుకా పాడా! పసిబిడ్డ తల మెత్తగుంటది దొరా. ఆముదం రాసి, నీళ్ళుపోసి, రోజూ ఒత్తితేనే గుండ్రంగా వచ్చేది. దీనికి నీళ్ళుపోసే ఏళకే మీ గంట కొట్టేవోళ్ళు. మంచం మీద ఎడంపక్కకి పడుకోబెట్టి పరిగెత్తేదాన్ని. తిరిగొచ్చేసరికి ఏడ్చి ఏడ్చి అట్టాగే నిద్దరపోయేది. తప్పు దీని ఎముకలది కాదు, మీ గంటది."

కాస్త ఆగి ఆయన తలవైపు చూసింది. "తమరికి ఎవరు పోశారోగానీ, మంచి చెయ్యి దొరా."

డాక్టరుగారి చెయ్యి తలమీదికి వెళ్ళింది. "మా మేనత్త," అన్నారు మెల్లగా. చాలాసేపు తల నిమురుకుంటూ కూర్చున్నారు. తర్వాత కొలత దగ్గర నేను చెప్పిన అంకే వేసి, కారణం అన్నచోట 'హాజరు గంట' అని రాశారు. పిల్లను ఎక్కడికీ పంపలేదు; అవ్వ చెయ్యి పట్టుకుని ఇంటికి పోయింది. ఆయన మళ్ళీ నన్ను తెరవలేదు.

ఇప్పుడు ఒక మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. మొన్న తల నెరిసిన ఒకావిడ పసిబిడ్డను భుజాన వేసుకుని వచ్చింది. నన్ను చూసి, తన తల ఎడమపక్క తడుముకుని కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. ఎదురుగా బల్లమీద కూర్చుని, బిడ్డను ఒళ్ళో వేసుకుని, ఆ మెత్తని తలను అరచేత్తో మెల్లగా ఒత్తసాగింది.

మూసేవేళ అయిందని గంట కొట్టారు. ఆమె లేవలేదు.