దెయ్యం నోట్లోంచి ఎక్కే బస్సు

డ్రైవరు పొద్దున్నే బస్సు తీసే వేళకి వాళ్ల మామగారు అతని వెనక సీట్లో సిద్ధంగా ఉండేవాడు. ఆయనా బస్సు నడిపి రిటైరైనవాడే. ఉచిత పాసుంది, ఇంట్లో ఊసుపోదు. అందుకని రోజంతా అల్లుడి భుజం వెనక కూర్చుని, "గేరు మార్చు... ఆ సైకిలువాణ్ణి చూశావా... ఎడమకి, ఎడమకీ!" అంటూ నోటితోనే బస్సు నడిపేసేవాడు. డ్రైవరు ఆయన చెప్పినట్టే తిప్పేవాడు.

మధ్యాహ్నం భార్య క్యారేజీ తెచ్చేది. వాళ్లిద్దరూ తింటుంటే ఆమె డ్రైవరు సీట్లో కూర్చుని స్టీరింగు నిమిరేది.

"నాకూ నేర్పకూడదూ?"

"బస్సంటే కుట్టుమిషనా?" అనేవాడు తండ్రి.

"చూద్దాంలే," అనేవాడు మొగుడు. పెళ్లయినప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాడు.

అలాంటి రోజుల్లో ఒక దెయ్యం సినిమా వాళ్లు ప్రకటన కోసం ఆ బస్సుని అద్దెకి తీసుకుని ఒళ్లంతా స్టిక్కర్లు అంటించారు. బస్సు పొడుగునా జుట్టు విరబోసుకున్న ఆడదెయ్యం. దాని నోరు సరిగ్గా ప్రయాణికుల తలుపు దగ్గరికొచ్చింది. మెట్ల మీద ఎర్రటి నాలుక, పైన కోరలు. జనం నాలుక మీద కాలేసి, కోరల కింద తల వంచుకుని లోపలికెళ్లాలి.

గొడవ మొదలైంది. పిల్లలు దడుచుకుంటున్నారని తల్లులు డిపో ముందు బైఠాయించారు. స్కూలు హెడ్‌మిస్ట్రెస్ "తొలగించాల్సిందే" అని పేపర్లో రాసింది. నిర్మాత మాత్రం చంకలు గుద్దుకున్నాడు. ఎంత రచ్చయితే సినిమాకి అంత పేరు.

అయితే ఆ నోట్లోంచి ఎక్కినవాళ్లకి భయం పోవడం మొదలైంది. మెట్ల దగ్గర ఊడిపోయేది, దిగేటప్పుడు మళ్లీ తగులుకునేది. అదేమిటని ఎవరూ అడగలేదు. ఆ బస్సే కావాలని ఎగబడ్డారు, అంతే. ఒక గుమాస్తా సీట్లోంచే ఆఫీసరుకి ఫోన్ చేసి, "సార్, ఇక మీ జోకులకి నవ్వడం నా వల్ల కాదు," అన్నాడు. ఫిర్యాదు ఇవ్వడానికి బయల్దేరిన హెడ్‌మిస్ట్రెస్ కిటికీ పక్కన కూర్చుని గొంతెత్తి పాడింది. పాట ఏమీ బాగోలేదు. ఎవరేమనుకుంటారో అన్న భయం ఆవిడకి లేదు.

డ్రైవరు ఎక్కే తలుపు వేరు. కాబట్టి ఆ బస్సులో భయం మిగిలినవాడు అతనొక్కడే. అన్నిటికంటే వెనక నుంచి మాట వినిపించకపోవడం అతన్ని హడలగొట్టింది.

"మామయ్యగారూ, ఒంట్లో బాగానే ఉందా?"

"భేషుగ్గా ఉంది. ఆ మేడల మీద పూలకుండీలు చూశావా? ఇన్నేళ్లు ఈ దారిన తిరిగాను, రోడ్డు తప్ప ఏమీ చూడలేదు." మధ్యాహ్నం కూతురు క్యారేజీతో ఎక్కగానే ఆయన నిమ్మళంగా అన్నాడు. "అల్లుడూ, అమ్మాయికి బస్సు నేర్పించు."

డ్రైవరు చేతిలో ముద్ద మళ్లీ క్యారేజీలో పెట్టేశాడు. "దేన్నైనా గుద్దేస్తేనో?"

"గుద్దితే గుద్దుతుంది. నేర్చుకునేటప్పుడు నువ్వు మా గోడ కూల్చలేదూ?"

భార్య మొగుడి వైపు తిరిగింది. "నాన్న ఒప్పుకున్నారు. మరి మీరు?"

"చూద్దాంలే," అన్నాడతను.

ఇంతలో సినిమా విడుదలైంది. రోజూ దాని నోట్లోంచి వచ్చిపోయేవాళ్లకి తెర మీద దెయ్యాన్ని చూస్తే మేనత్తని చూసినట్టే ఉంది. "పాపం, తల దువ్వేవాళ్లే లేరు," అని వెనక వరసలో ఎవరో అనేసరికి హాలంతా పగలబడి నవ్వింది. నిర్మాతకి అరికాలి మంట నెత్తికెక్కింది. స్టిక్కర్లు పీకెయ్యమని డిపోకి పరిగెత్తాడు. తమ జోకులకి ఎవరూ నవ్వక ఉడికిపోతున్న ఆఫీసర్లంతా ఆయన పక్షం చేరారు. ఈసారి తల్లులు ఉంచాలని బైఠాయించారు. "ఉంచాల్సిందే" అని హెడ్‌మిస్ట్రెస్ పేపర్లో రాసింది.

"నా దెయ్యం, నా ఇష్టం!" అన్నాడు నిర్మాత. చివరికి ఆయన మాటే నెగ్గింది.

పీకేసే రోజు పనివాళ్లు బస్సు వెనక నుంచి గీకుతూ దెయ్యం దవడ దాకా వచ్చారు. డ్రైవరు చేతులు కట్టుకుని డిపో ఆవరణలో నిలబడ్డాడు. మామగారు అప్పటికే ఎక్కి కూర్చున్నాడు. భార్య వచ్చి మొగుడి చెయ్యి పట్టుకుంది.

"ఒక్కసారి మీరూ ఇటు నుంచి ఎక్కండి."

"నాకు వేరే తలుపుందిగా?"

"ఉందిలెండి. ఎక్కండి."

అతను నాలుక మీద కాలు పెట్టాడు, కోరల కింద తల వంచాడు. గుండెల మీంచి ఎవరో లేచి పక్కకి జరిగినట్టయింది. ఇంతకాలం "చూద్దాంలే" అని ఎందుకన్నాడో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. జేబులోంచి తాళం తీసి, వెనకే ఎక్కిన భార్య చేతిలో పెట్టాడు.

"క్లచ్చు పూర్తిగా తొక్కు. మెల్లగా వదులు," అని, వెళ్లి మామగారి పక్కన కాళ్లు బారజాపుకుని కూర్చున్నాడు.

బస్సు ఒక్క కుదుపు కుదిపి కదిలింది. పనివాళ్లు గెంతి పక్కకి తప్పుకున్నారు. డిపో మేనేజరు "ఎవరది? ఎవరది?" అంటూ వెంటపడ్డాడు. బస్సు ఆవరణ చుట్టూ ఒక చుట్టు తిరిగింది. మామా అల్లుళ్లు కిటికీ గాలికి హాయిగా కళ్లు మూసుకున్నారు.

రెండో చుట్టులో సగం ఊడి వేలాడుతున్న దెయ్యం దవడ గాలికి టపటపా కొట్టుకుని, చిరిగి, ఎగిరిపోయింది.

ఇద్దరి భయాలూ ఒక్కసారే తిరిగొచ్చాయి. "అమ్మాయ్! బ్రేకు, బ్రేకు!" అని తండ్రి, "స్తంభం! ఎడమకీ!" అని మొగుడు సీటు పట్టుకుని కేకలు పెట్టారు.

ఆమెకీ భయం తిరిగొచ్చింది. ఆ పొడుగాటి బండిని, ఎదురొస్తున్న ఇనప స్తంభాన్ని అప్పుడే కొత్తగా చూసినట్టు చూసింది. అరచేతులు చెమటకి జారుతున్నాయి. స్టీరింగు మాత్రం వదల్లేదు.

"బస్సు నడిచేటప్పుడు డ్రైవరుతో మాట్లాడరాదు," అంది వెనక్కి తిరక్కుండా. "పైన రాసుంది, చదువుకోండి."

ఇద్దరూ తలెత్తి ఆ రాత చదువుకున్నారు. ఆమె స్తంభానికి, గోడకి నడుమ నుంచి బస్సుని మలుపు తిప్పి, తెచ్చి వరసలో నిలబెట్టింది. మేనేజరు రొప్పుతూ కిటికీ కిందకొచ్చాడు.

"సార్," అంది ఆమె. గొంతు ఇంకా వణుకుతూనే ఉంది. "డ్రైవరు ఉద్యోగానికి ఎవరిని అడగాలి?"

మేనేజరు ఆమెని చూశాడు, గీతైనా పడని బస్సుని చూశాడు.

"ముందు ఇంజను ఆపమ్మా," అన్నాడు. "ఆపి, నా గదికి రా."