నాన్న కథలో పోయిన పిల్ల

నాకు ఏడో ఏడు నడుస్తుండగా, చలికాలంలో ఊపిరితిత్తులకు నెమ్ము పట్టింది. జపానులో ఒనోమిచి అనే రేవు ఊళ్ళో కొండవాలు మీద మా ఇల్లు. డాక్టరుగారు మెట్లన్నీ ఎక్కి వచ్చి, నన్ను చూసి, గుమ్మం దగ్గర అమ్మతో మెల్లగా ఏదో చెప్పి, తల వంచుకుని దిగి వెళ్ళిపోయారు. అమ్మ నా నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ ఒక పక్క కూర్చుంది. నాన్న రెండో పక్క చిన్న రాతబల్ల వేసుకుని కూర్చున్నాడు. రాస్తూ ఉన్నాడు.

మా నాన్న కాయామా రెంజో కథలు రాసేవాడు. ఇంట్లో జరిగిందే రాస్తాడనీ, కల్పించడం చేతకాని మనిషనీ ఆయనకు పేరు. అమ్మ చేప మాడ్చినా, వాళ్ళిద్దరూ పోట్లాడుకున్నా, అది కథే. మేం నవ్వుకున్న రోజుల గురించి రాసి పంపితే మాత్రం టోక్యో పత్రికవాళ్ళు మర్యాదగా తిప్పి పంపేవాళ్ళు. బామ్మ పోయినప్పుడు రాసింది వెంటనే వేసుకున్నారు.

తెల్లవారేసరికి నా జ్వరం జారింది. కళ్ళు తెరిచి, ఉప్పులో ఊరిన ఉమె పండుతో గంజి కావాలని అడిగానట. అమ్మ ఏడుస్తూ వంటింట్లోకి పరిగెత్తింది. నాన్న నా పాదాలు రెండూ చేతుల్లోకి తీసుకుని చాలాసేపు వదల్లేదు. ఆయన సంతోషం అబద్ధం కాదు. కానీ కథ అప్పటికే పూర్తయిపోయింది. అందులో నేను బివా పళ్ళు కావాలని అడుగుతాను. అవి ఎండలు ముదిరితే గానీ రావని అమ్మ చెబితే, “అయితే అప్పటిదాకా ఉంటాలే” అని, తెల్లవారకముందే చనిపోతాను.

“పిల్ల బతికింది కదండీ, అది చించెయ్యండి” అంది అమ్మ.

“చించితే ఎలా షిగెనో? ఆ రాత్రి మన తామె నాకు నిజంగానే పోయింది. నా గుండెకు అది జరిగినట్టే.”

“మీ గుండెకు జరిగిందేమో. పిల్ల అక్కడ గంజి తాగుతోంది.”

నాన్న పంపేశాడు. అంతకుముందు ఆయన రాసినవేవీ అంతగా ఎవరికీ పట్టలేదు. ఇది మాత్రం దేశమంతా చదివారు. ఊరూపేరూ తెలియనివాళ్ళ దగ్గర్నుంచి ఓదార్పు ఉత్తరాలు, అగరుబత్తులు, మిఠాయి పెట్టెలు వచ్చాయి. ఆ మిఠాయిలు నేనే తిన్నాను.

వసంతంలో పత్రిక నుంచి నుమాతా అనే ఆయన, నా ఆత్మకు ధూపం వెయ్యడానికి స్వయంగా వస్తున్నట్టు కబురు పెట్టాడు. ఆ పొద్దున నాన్న ముఖం చూడాలి. బుద్ధుడి పీఠం మీద బామ్మ ఫోటో పక్కన నా ఫోటో పెట్టాడు. నన్ను మేడమీదికి తీసుకెళ్ళి పరుపులు పెట్టే అలమర తెరిచాడు.

“ఒక్క పూటేరా తల్లీ. కదలకుండా కూర్చో. నాన్న పరువు నీ చేతుల్లో ఉంది.”

ఒక్క పూట అన్నది అక్కడితో ఆగలేదు. నుమాతా వెళ్ళాడు, పాఠకులు రావడం మొదలుపెట్టారు. సెలవురోజు వచ్చిందంటే నేను అలమరలో ఉండేదాన్ని. తలుపు సందులోంచి వెలుతురు గీతలా పడేది. పరుపుల్లో నా ఊపిరే నాకు వేడిగా తగిలేది. కింద ఎవరో ముక్కు చీదుకుంటుంటే, అది నాకోసమేనని తెలిసేది. దగ్గు వస్తే దుప్పటి నోట్లో కుక్కుకునేదాన్ని.

వాళ్ళు వెళ్ళగానే అమ్మ ఆ ఫోటో తీసేసి, బతికున్న పిల్లకు చావు ధూపం పొగ తగిలిందని, మైల పోవడానికి నా మీద ఉప్పు చల్లేది. తరవాత స్టేషను దారిలో ఆడుకోవద్దన్నారు. కొత్తవాళ్ళు ఎవరైనా అడిగితే అమ్మ చెల్లెలి కూతుర్నని చెప్పమన్నారు. బళ్ళో పిల్లలకు ఇదంతా తమాషా. “దెయ్యాలకు కాళ్ళుండవటగా, ఏవీ, సాక్సు విప్పి చూపించు” అనేవాళ్ళు. నేను విప్పి చూపించేదాన్ని.

వానలు పట్టిన కాలంలో ఒక మధ్యాహ్నం, నాన్న ఊరి స్నానశాలకు వెళ్ళి ఉండగా, ఒకావిడ చెప్పకుండా వచ్చింది. పేరు ఒగిహారా. ఎక్కడో దేశానికి రెండో వైపు సముద్రతీరం నుంచి రైళ్ళు మారి వచ్చింది. అమ్మ ఆవిడను గుమ్మంలోనే ఆపి, నా ఫోటో పీఠం మీద పెడుతూ కళ్ళతోనే సైగ చేస్తే నేను మేడెక్కి అలమరలో దూరాను. మా ఇల్లు పాతది. కింది మాటలన్నీ పైకి వినిపిస్తాయి.

“మా అమ్మాయి కూడా నెమ్ముతోనే పోయిందమ్మా” అంది ఆవిడ. “ఆరేళ్ళు. ఇంట్లో దాని పేరెత్తితే మా ఆయనకు గిట్టదు. అత్తగారు, ఇంకొకరిని కనెయ్, అదే మందు అంటుంది. నాకు ఏడవడానికి కూడా చోటు లేదు. మీవారి కథ వంటింట్లో బియ్యం డబ్బా వెనక పెట్టుకున్నాను. అందరూ తిన్నాక తీసి చదువుకుంటాను. మీరు అందులో తడిగుడ్డ పిండుతుంటారు చూడండి, అక్కడికి వచ్చేసరికి నా చేతులూ తడిసినట్టుంటాయి.”

అమ్మ టీ గిన్నె ఆవిడ ముందుకు జరిపినట్టుంది.

“దీన్ని మీ అమ్మాయి దగ్గర పెట్టుకోనిస్తారా? వేసవి పండక్కని కుట్టాను. అది వేసుకోకుండానే వెళ్ళిపోయింది. అక్కడైనా ఇద్దరూ ఆడుకుంటారేమో.” కాగితం విప్పిన చప్పుడు వినిపించింది. మళ్ళీ ఆవిడే అంది. “ఒక్కటి అడుగుతాను, ఏమనుకోకండి. బివా పళ్ళ మాట... నిజంగా అలాగే అందా? మాది ఏమీ అనకుండానే పోయింది. ఏదో ఒకటి అనుంటుంది, నేనే వినలేదేమోనని...”

అమ్మ లేచింది. మెట్లు కిర్రుమన్నాయి. అలమర తలుపు తెరుచుకుంది. వెలుతురుకి నేను కళ్ళు మూసుకున్నాను.

“తామె, కిందికి రా. అత్తయ్యగారికి నమస్కారం పెట్టు.”

చెమటకు అంటుకుపోయిన జుట్టుతో దిగి వచ్చి, చాప మీద చేతులానించి వంగాను. తల ఎత్తేసరికి ఆవిడ నన్ను చూస్తోంది, పీఠం మీది ఫోటోను చూస్తోంది. ఆవిడ చేతుల్లో పువ్వుల నూలు కిమోనో ఉంది. కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ మోకాళ్ళ మీద జరిగి వచ్చి, ఆ కిమోనో నా భుజాలకు ఆనించి చూసింది. పొట్టి అయింది.

“పిల్ల పెద్దదైపోయింది” అని తనలో తను అనుకుని, దాన్ని మళ్ళీ మడతలు పెట్టుకుంది.

“క్షమించండి. బతికున్న పిల్లను దాచిపెట్టి మీ ఏడుపు వినలేకపోయాను” అంది అమ్మ.

“మీరు తలుపు తెరవకుండా ఉండాల్సిందమ్మా. లోకంలో నాలాంటిది ఇంకొకతి ఉందనుకుని బతుకుతున్నాను. ఇప్పుడు ఇంటికెళ్ళి నేనేం చదువుకోను?”

గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ వెనక్కి తిరిగి, “పిల్లకు ఎండ తగలనివ్వండి. తెల్లగా పాలిపోయింది” అంది.

ఆవిడ వానలోనే మెట్లు దిగిపోయింది. అమ్మ కాసేపు గుమ్మంలో నిలబడి, తరవాత వట్టికాళ్ళతో పరిగెత్తింది. మేడ కిటికీలోంచి చూశాను. రైలు పోతోందని కింద పట్టాల దగ్గర అడ్డకర్ర వేశారు. దాని దగ్గర ఇద్దరూ నిలబడ్డారు. ఏం మాట్లాడుకున్నారో రైలు మోతలో ఏమీ వినిపించలేదు. కర్ర లేచాక కూడా అక్కడే ఉన్నారు.

నాన్న స్నానం చేసి వచ్చి, తడిసి కూర్చున్న అమ్మను చూసి, సంగతి విన్నాడు. ఆయనకు కోపం రాలేదు. రాతబల్ల ముందుకు లాక్కున్నాడు.

“తామెను చూసినప్పుడు ఆవిడ ముఖం ఎలా ఉంది?”

“చెప్పను” అంది అమ్మ. నాన్నతో ఆ మాట అనడం నేనెప్పుడూ వినలేదు.

“అడ్డకర్ర దగ్గర ఏమంది?”

“అది ఆవిడదీ నాదీ. మీకివ్వను.”

ఆయన నా వైపు తిరిగాడు. “నువ్వు చెప్పు తల్లీ. ఏం చూశావు?”

“అలమరలో ఉన్నాను నాన్నా. ఏమీ కనిపించలేదు” అన్నాను.

అయినా ఆయన రాశాడు. ఆ కథలో ఇద్దరు తల్లులు పీఠం ముందు కూర్చుని, ఒకరి చేయి ఒకరు పట్టుకుని, వాన వెలిసేదాకా ఏడుస్తారు. ఇంట్లో ఏ తలుపూ తెరుచుకోదు. ఆకులు రాలే కాలంలో అచ్చయింది. అమ్మ వంటింట్లో నిలబడే చదివింది. చదివి కళ్ళు తుడుచుకుని, “ఎంత బాగా రాశారో, పాపిష్టి మనిషి” అంది. మొదటి కథ కంటే దీనికి ఎక్కువ పేరు వచ్చింది.

అమ్మ మాత్రం ఆ రోజు తరవాత నన్ను మళ్ళీ అలమరలోకి పంపలేదు. ఎవరైనా వస్తే నా చెయ్యి పట్టుకుని రేవుకి తీసుకుపోయేది. ఏటా పితృదినాలకు ఒక్కతే ఎక్కడికో రైళ్ళు మారి వెళ్ళొచ్చేది. చుట్టాలింటికి అనేది. వెళ్ళేటప్పుడు బివా పళ్ళు దొరికితే కొనుక్కునేది, దొరక్కపోతే ఇంకేదో.

నాన్న పుస్తకాల్లో నేను మళ్ళీ పుట్టలేదు. నా పరీక్షలు, నా మొదటి ఉద్యోగం, నేను కోపంతో అన్నం వదిలేసిన రోజు, ఏదీ వాటిలోకి రాలేదు. వాటిలో ఇద్దరే ముసలివాళ్ళు ఎదురెదురుగా కూర్చుని భోంచేస్తుంటారు. నేను ఆ బల్ల దగ్గరే కూర్చుని వాళ్ళతో తింటూ ఉండేదాన్ని. ఆయన నన్ను చూసీ చూసీ, కలం తీసి, మళ్ళీ పెట్టేసేవాడు.

నా పెళ్ళి రోజున తెల్ల కిమోనోలో వచ్చి ఆయన ముందు వంగి సెలవు తీసుకున్నాను. నాన్న అమ్మ వైపు వంగి, “ఇది రాయాలి షిగెనో. ఇంత సంతోషం నా జన్మలో ఎప్పుడూ దొరకలేదు” అన్నాడు.

“ఎలా రాస్తారు?” అంది అమ్మ, నా మెడ దగ్గర మడత సరిచేస్తూ. “పోయిన పిల్లకు పెళ్ళేమిటంటారు చదివినవాళ్ళు.”

ఆయన తలూపాడు. తరవాత ఎవరో సాకే సారా పోస్తే గిన్నె రెండు చేతులతో పట్టుకున్నాడు గానీ, తాగడం మరిచిపోయాడు.