గొంతులో పోసిన రంగు

గురువారం ఉదయం ఆరు గంటలకు క్లోకోట్ ఊట నీళ్ళలో రంగు లేదు.

డోబ్రిలా గోధుమరంగు గాజు సీసాను ఆ నీళ్ళతోనే తొలిచి, నింపి, మూత బిగించింది. పంపుగది వెనక చీపుర్లు పెట్టుకునే చిన్న గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నీలిదీపం వెలిగించి సీసాను దాని ముందు పట్టింది. నీళ్ళలో రంగు నలుసంత ఉన్నా ఆ వెలుతురులో మిణుగురులా మెరవాలి. మెరవలేదు. దీపం ఆర్పి బయటికి వచ్చింది.

బయట రాతిగోడ మీద కూర్చున్న స్త్రాహిన్యా తలెత్తాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అతను సీసా తీసుకుని, తనూ ఆ గదిలోకి వెళ్ళి చూసి వచ్చాడు. ఇద్దరూ చూడాలన్నది ఒప్పందం. అతను మాంసం కంపెనీ పంపిన జియాలజిస్టు. నలభై ఏళ్ళవాడు. పది రోజులుగా ఆ ఊళ్ళోనే లాడ్జిలో ఉంటున్నాడు.

కొండకు అవతలివైపు, ఎత్తు మైదానంలో ఒక ఏరు ఉంది. అది గడ్డిలోంచి పారుతూ వచ్చి, ఒక బిలంలోకి దూకి మాయమవుతుంది. ఆ బిలాన్ని ఊళ్ళోవాళ్ళు గొంతు అంటారు. దాని ఒడ్డునే కబేళా కడతామని కంపెనీ అర్జీ పెట్టింది. గొంతులో పడ్డ నీరు కొండకు దక్షిణంగా పోయి సముద్రంలో కలుస్తుందని కంపెనీ కాగితాల్లో ఉంది. అది కొండ కిందుగా వచ్చి క్లోకోట్ ఊటలోనే తేలుతుందని, ఊరంతా తాగేది ఆ నీళ్ళేనని డోబ్రిలా చెప్పింది. పురపాలక సభ ఎవరి మాటా తోసెయ్యలేదు. గొంతులో రంగు పోసి చూడమంది. సాయంత్రం ఆరింటికి సభ కూర్చుంటుంది. అప్పటికి ఊటలో రంగు రాకపోతే కబేళాకి అనుమతి ఇచ్చేస్తుంది.

డోబ్రిలాకి అది ఉద్యోగంలో ఆఖరు రోజు కూడా.

ఆమె పొట్టి మనిషి. క్లోరిన్ వాసనతో ఎప్పుడూ కళ్ళు కొంచెం ఎర్రగా ఉండేవి. కుడి చేతి వేళ్ళ కణుపులు వాల్వు చక్రాలు తిప్పీ తిప్పీ లావెక్కాయి. బెల్‌గ్రేడ్‌లో జియాలజీ చదివింది. పట్టా పుచ్చుకుని ఇంటికి వచ్చిన రోజున వాళ్ళ నాన్న, "మనకి రాళ్ళు తక్కువయ్యాయనా నిన్ను పంపింది?" అని అడిగాడు. ఇంటి చుట్టూ రాళ్ళే. కంచెలు రాళ్ళు, గొర్రెల దొడ్లు రాళ్ళు. బాక్సైటు గని సంస్థలో మూడేళ్ళు పనిచేసింది. తర్వాత యుద్ధం వచ్చింది, గని మూతపడింది. ఊటలో క్లోరిన్ కలపడానికి మనిషి కావాలని పురపాలక సంఘం ప్రకటన వేస్తే వెళ్ళింది. చేర్చుకున్నాయన ఆమె పట్టా చూసి, "ఇది అక్కర్లేదమ్మా, తిరిగి తీసుకెళ్ళు" అన్నాడు. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు ఆమె ఈ ఊట దగ్గరే ఉంది.

రంగు పోసే పనిలో ఒక నియమం ఉంది. పోసినవాడు ఊట దగ్గరికి రాకూడదు. వాడి చొక్కా అంచున ఉన్న పొడి చాలు, లేని రంగు నీళ్ళలో ఉన్నట్టు చూపిస్తుంది. అందుకని జియాలజిస్టు ఒకటి ఎంచుకోవాలి. పోస్తే ఊట చూడకూడదు, ఊట చూస్తే పోయకూడదు. మామూలుగా అందరూ పోయడమే ఎంచుకుంటారు. పేపరు వాళ్ళు వచ్చేది అక్కడికే, ఫోటోలో ఉండేది వాళ్ళే. డోబ్రిలా ఆ పని తమ్ముడు రాదోయెకి అప్పజెప్పి ఊట దగ్గర కూర్చుంది.

రాదోయె స్కూలు బస్సు నడుపుతాడు. సోమవారం రంగు పోసేటప్పుడు డబ్బా మూత రాలేదని చేతి తొడుగులు తీసేశాడు. దాంతో అరచేతులు, చెవులు, మెడ, వెంట వచ్చిన కుక్క అన్నీ ఆకుపచ్చగా మారాయి. బస్సులో పిల్లలు అతన్ని కప్ప అంటున్నారు.

తొమ్మిది దాటాక అతను కంచె బయటికి వచ్చి నిలబడ్డాడు. చేతిలో నూనె అంటిన కాగితం పొట్లం.

"అక్కడే ఆగు" అంది డోబ్రిలా, పంపుగది గుమ్మంలోంచి.

"ఆగాను. బురెక్ రొట్టె తెచ్చానే అక్కా, వేడిగా ఉంది."

"చేతులు చూపించు."

"పెళ్ళిచూపులా ఏమిటి? ఇంట్లో సబ్బంతా అరగదీశాను. మా ఆవిడ నన్ను దుప్పటి కూడా ముట్టుకోనివ్వడం లేదు."

"అది నువ్వే తిని వెళ్ళు."

అతను వెళ్ళలేదు. కంచె ఇనుప తీగ పట్టుకోబోయి, ఆమె చూపు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"రాలేదు కదా?"

"ఇంకా రాలేదు."

"మా పిల్ల మిర్యానా పొద్దున కూడా జియాలజీ అంటూ మొదలెట్టింది. నేను చెప్పిందే చెప్పాను. మీ అత్త చెప్పిన చోట రంగు తేలితే వెళ్ళి రాళ్ళు చదువుకో. తేలకపోతే పళ్ళ డాక్టరు కోర్సు. పళ్ళు కూడా రాళ్ళలాంటివే, పైగా అవి అందరి నోట్లోనూ ఉంటాయి."

"నా పేరు అడ్డం పెట్టి పిల్ల చదువు తేలుస్తావా?"

"మరి ఎవర్ని పెట్టను? ఈ ఊళ్ళో ఆ చదువు చదివింది నువ్వొక్కదానివే. అదేం కూడు పెట్టిందో నిన్ను చూసే కదా చెప్పాలి?" అన్నాడు రాదోయె. వెక్కిరింతగా అనలేదు. అనేసి తల వంచుకున్నాడు.

డోబ్రిలా గడియారం చూసింది. క్లోరిన్ సిలిండరు మార్చే వేళయింది. లోపలికి వెళ్ళింది.

సిలిండరు మార్చి వచ్చేసరికి తమ్ముడు లేడు. స్త్రాహిన్యా గోడ మీద కాఫీ కాస్తున్నాడు. చిన్న గ్యాసు పొయ్యి, పొడవు కాడ ఉన్న రాగి గిన్నె. ఇద్దరూ తాగారు.

"మీ తరగతిలో ఎంతమంది రాళ్ళ మీద బతికారు డోబ్రిలా గారూ?"

"ఒకడు లిబియాలో చమురు బావుల మీద బతికాడు. ఒకడు వియన్నాలో టాక్సీ. వెస్నా అని ఒకతె ఉండేది, మా అందరిలో తెలివైనది, వంటింటి గట్టు బండలు అమ్ముతుంది. ఏ బండ ఏ యుగానిదో కొనేవాళ్ళకి చెబుతుందట. వాళ్ళు రంగు నప్పుతుందా అని అడుగుతారట."

అతను నవ్వాడు. "నేను సొరంగాల్లో పనిచేశాను. సొరంగాలు అయిపోయాయి. ఇప్పుడు ఎవరు అడిగితే వాళ్ళకి రిపోర్టు రాసిస్తాను. ఇద్దరు పిల్లలు."

"ఇది కూడా నువ్వే రాశావా? నీళ్ళు దక్షిణంగా పోతాయని?"

"పోయే అవకాశం ఉందని రాశాను. కంపెనీ ఆ 'అవకాశం' అన్న మాట తీసేసింది."

ఆమె కప్పు బోర్లించి గోడ మీద పెట్టింది. "ఆ మాట లేకుండా సంతకం పెట్టావా?"

"పెట్టాను" అన్నాడు.

మధ్యాహ్నం సీసా ముంచే వంతు అతనిది. మెట్లు దిగి నీళ్ళ అంచున వంగాడు. డోబ్రిలా పై మెట్టు మీద నిలబడింది. కొండ నీడ అప్పుడే తప్పుకుని ఎండ అతని చేతి మీద పడింది. సీసా నీటిని తాకబోతుండగా ఆమె దిగి అతని మణికట్టు పట్టుకుంది.

"ఆగు. బొటనవేలు చూసుకో."

గోరు మూల, చర్మం ముడతలో, నిమ్మకాయ తొక్క రంగు.

అతను చాలాసేపు చూశాడు. "బురెక్" అన్నాడు. "మీరు లోపలున్నప్పుడు మీ తమ్ముడు కంచె మీంచి అందించాడు. ఆకలేసింది."

"రుచిగా ఉందా?"

"ఉంది." చెయ్యి వెనక్కి తీసుకుని మెట్టు మీద కూర్చున్నాడు. "పన్నెండేళ్ళ సర్వీసులో ఇలాంటి పొరపాటు చెయ్యలేదు."

"చెయ్యలేదులే. పట్టుకున్నాను కదా."

"డోబ్రిలా గారూ, సీసా ముంచేది నేను. కంపెనీ మనిషిని. నేను ముంచిన సీసా మెరిస్తే సభలో ఎవరూ కాదనలేరు. మీరు గెలిచేవారు."

"మా రాదోయె బొటనవేలు గెలిచేది" అంది ఆమె. "ఊట కాదు. గోడ మీదికెళ్ళి కూర్చో. చూస్తూ ఉండు. కళ్ళకి రంగు అంటదు."

సీసా పారేసి, ఇంకోటి తెచ్చి ఆమే ముంచింది. ఇద్దరూ దీపం దగ్గర చూశారు. రంగు లేదు.

మూడింటికి సభ అధ్యక్షుడు మిలివోయె ఫోన్ చేశాడు.

"ఏమైనా ఉందా డోబ్రిలా?"

"లేదు."

"ఆరింటికి మొదలుపెట్టేస్తాం. నువ్వు కూడా రా. నీకు పూలగుత్తి తెప్పించాం. ఇన్నేళ్ళు చేశావు, ఊరికే పంపిస్తే బాగుండదు."

"నీళ్ళలో పెట్టి ఉంచండి" అని ఫోన్ పెట్టేసింది.

తర్వాత ఆమె చేసిన పని రోజూ చేసేదే. చెత్త ఆపే జాలీకి అడ్డుపడ్డ ఆకులు కొంకికర్రతో తీసింది. పంపు బేరింగులకి గ్రీజు పెట్టింది. గ్రీజు గుడ్డకి చెయ్యి తుడుచుకుంటూ ఊట వైపు చూసి ఆగిపోయింది. అడుగు మెట్టు మునిగింది. చూస్తుండగానే దాని పై మెట్టు తడిసింది. రాత్రి ఎత్తు మైదానంలో వాన పడింది, మంచు కరిగింది. పైన గొంతు నిండుగా మింగుతోందన్నమాట. లోపల ఎక్కడో గుహల్లో ఆగి ఉన్న పాత నీటిని కొత్త నీరు ముందుకు తోస్తోంది. ఊట చప్పుడు మారింది. ఆమె గుడ్డ మడిచి గూట్లో పెట్టి వచ్చి గోడ దగ్గర నిలబడింది.

కొంతసేపటికి స్త్రాహిన్యా లేచి నిలబడ్డాడు. కళ్ళద్దాలు తీసి తుడిచి పెట్టుకున్నాడు.

"నాకు కనిపిస్తున్నది మీకు కూడా కనిపిస్తోందా?"

"నేను చెప్పకూడదు" అంది డోబ్రిలా. "నువ్వు చెప్పు. ఏం కనిపిస్తోంది?"

కొండ పాదం దగ్గర, నీరు పైకి తన్నుకొచ్చే చోట, పగిలిన గాజు అంచున ఉండే రంగు. అది సుడి తిరుగుతూ వెడల్పయింది.

"ఆకుపచ్చ" అన్నాడు. మళ్ళీ, గట్టిగా, "ఆకుపచ్చ రంగు. ఊటలోంచి. ఎవరూ ముట్టుకోలేదు."

సీసా అక్కర్లేదు, దీపం అక్కర్లేదు. మడుగు సగం పచ్చబడింది. రంగు నీళ్ళతో ప్రమాదం లేదు, కానీ కుళాయిల్లోకి పోనివ్వకూడదు. ఊరి గొట్టానికి ఉన్న వాల్వు మడుగు అంచున బండ మీద ఉంది. డోబ్రిలా బూట్లు విప్పింది. సున్నపురాయి తడిస్తే రబ్బరు బూటు జారుతుంది, ఉన్ని మేజోడు జారదు. ఈ కొండల్లో గొర్రెల కాపరులందరూ అలాగే ఏరు దాటుతారు. ఒక కాలు బండ మీద, ఒక కాలు మోకాలి దాకా నీళ్ళలో పెట్టి చక్రం తిప్పింది. చక్రం మొరాయించింది. స్త్రాహిన్యా గోడ దిగి రాబోయాడు.

"నువ్వు రాకు" అంది. "ఇవాళంతా ఊట నాది, పో. ఫోన్ చెయ్యి. మీవాళ్ళకి కాదు, మిలివోయెకి చెయ్యి."

"మావాళ్ళకి కూడా చెప్పాలి. జీతం ఇచ్చేది వాళ్ళే కదా."

"ఏమని చెబుతావు?"

"రంగు పచ్చగా ఉందని చెబుతాను. ఈసారి మాటలు తీసెయ్యడానికేమీ ఉండదు" అన్నాడు.

అయిదు గంటలకల్లా ఊట నుంచి పారే ఏరు ఊళ్ళోకి పచ్చగా దిగింది. మార్కెట్టు వంతెన కింద నుంచి, మసీదు గోడ పక్క నుంచి, బేకరీ వెనక నుంచి పారింది. దుకాణాలు వదిలేసి జనం వంతెన మీదికి వచ్చారు. బాతులు పచ్చగా ఈదాయి. రాదోయె బస్సును వంతెన మధ్యలో ఆపి, కిటికీలోంచి రెండు చేతులూ బయటపెట్టి, "పోసింది నేను, పట్టింది మా అక్క" అని వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పాడు. సభ ఆరింటికి మొదలైంది. సభ్యులు కిటికీల దగ్గర నిలబడే చర్చించారు. కంపెనీ జియాలజిస్టు లేచి తాను చూసింది చెప్పి, తన పాత రిపోర్టును వెనక్కి తీసుకుంటున్నట్టు సంతకం చేశాడు. ఒక్క ఓటు తప్ప అన్నీ కబేళాకి వ్యతిరేకంగా పడ్డాయి.

డోబ్రిలా సభకి వెళ్ళలేదు. వాల్వు దగ్గర మనిషి ఉండాలి. ఊళ్ళోంచి బస్సు హారను వినిపించింది, ఆగకుండా. కొండ దాన్ని రెండోసారి వినిపించింది. ఆమె గోడ మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, గట్టిగా నవ్వింది. ఒక్కతే.

పొద్దుగుంకే వేళకి రాదోయె కంచె దగ్గరికి వచ్చాడు. చంకలో పూలగుత్తి.

"ఇప్పుడు లోపలికి రావచ్చా?"

"రా. ఏం ముట్టుకుంటావో ముట్టుకో."

అతను లోపలికి వచ్చి, మడుగు అంచున వంగి చూశాడు.

"కొండ కింద అంత దూరం... నీకు ముందే ఎలా తెలుసే?"

"రెండు చోట్లా రాయి ఒకటే. పొరలు ఇటే వాలి ఉన్నాయి. చదువుకున్నాను కదా."

"మిర్యానా ఏడ్చింది" అన్నాడు. "వంతెన మీద అందరి ముందూ. సరే వెళ్ళవే అన్నాను. అక్కా, దాన్ని చేర్చుకునే ముందు పరీక్షలో ఏం అడుగుతారు?"

"రేపు ఇంటికి పంపు. చెబుతాను."

రాత్రి పనికి వచ్చిన వుకోతాకి ఆమె తాళంచెవులు ఇచ్చింది. నీరు తేటపడే దాకా వాల్వు తెరవొద్దని, ట్యాంకులో రేపటికి సరిపడా నీళ్ళు ఉన్నాయని చెప్పింది. అతను, "వెళ్ళొస్తారా ఇంజనీరు గారూ" అన్నాడు. వెళ్ళొస్తానంది. బూట్లు ఉత్త కాళ్ళకే తొడుక్కుని, పూలగుత్తి పట్టుకుని, తమ్ముడి బస్సు ఎక్కకుండా ఏటి వెంట నడిచి వెళ్ళింది. వంతెన మీద ఇంకా జనం ఉన్నారు. ఆమె వస్తుంటే దారి ఇచ్చారు. బేకరీ అతను టోపీ తీశాడు.

శుక్రవారం ఉదయం వుకోతా వాల్వు తెరిచాడు. పంపుగదిలో వేడినీళ్ళ గొట్టం మీద ఆమె ఆరేసిన ఉన్ని మేజోళ్ళు ఉన్నాయి. ఒకటి బూడిదరంగు, ఒకటి ఆకుపచ్చ.