పాటల వాటా

పడవను ఇసుక మీదికి లాగుతూనే గంగులు తలపాగాలోంచి, పాలిథిన్ సంచిలో చుట్టిన ఫోను తీసి పాట ఆపాడు. సన్నని కాళ్లు, లావుపాటి మెడ, ఎండుచేప రంగు తేలిన వీపు. సిగ్నలు లేని సముద్రంలోనూ ఫోను పాడటం గంగమ్మ తల్లి మహిమని పడవలో వాళ్ల నమ్మకం. ఒడ్డున సిగ్నలున్నప్పుడు ఫోనులోకి దింపుకున్న పాటలే అవి అని గంగులుకు తెలుసు. అయినా తల్లి మనసు నొప్పించడం దేనికని ఊరుకునేవాడు.

పట్టిన చేపల్లో పడవకొక వాటా, వలకొక వాటా, మనిషికొక వాటా. కుప్పలు వేసేది గంగులే. అందులో హెచ్చుతగ్గులున్నాయని ఇంతవరకూ ఎవరూ అనలేదు. అతని బతుక్కి దక్కిన బిరుదు అదొక్కటే. మోకాళ్లు మొరాయించడంతో ఆ మధ్యాహ్నం బస్సుకే గరివిడి వెళ్లి, అక్కడి ఫ్యాక్టరీలో గేటు కాపలా పనిలో చేరబోతున్నాడు.

చేపలు పంచాక చెల్లెలి మొగుడు అసిరయ్య కదల్లేదు.

“మరి పాటల మాటేటి బావా? మన పడవలో పాడినాయి. ఆటికీ వాటా ఎయ్యాల.”

గంగులుకు అది న్యాయంగానే తోచింది. ఫోనులో పాటల పేర్లు చదువుతూ, పాటకొక గవ్వ చొప్పున పడవలో నలుగురికీ నాలుగు కుప్పలు వేశాడు. పడవకూ వలకూ చెవులు లేవు గనక వాటి వాటాలు ఎత్తేశారు. అసిరయ్య కుప్పలు కనబడకుండా వీపు తిప్పి నిలబడి, ఏ కుప్ప ఎవరిదో పేర్లు పలికాడు. నలుగురిలో చిన్నవాడు రాముడికి ఏడుపు పాటలు ఎక్కువ పడ్డాయి.

“నాకింకా పెళ్లే అవలేదు. అప్పుడే ఏడుపేటి?”

“దాసుకోరా, అయ్యాక పనికొస్తాయి” అన్నాడు పడవలో నాలుగోవాడు కొండబాబు.

తీరా వాళ్ల ఫోన్లకు పంపబోతే ఒక్క పాటా గంగులు ఫోను దాటలేదు.

“దాసేసినావేటి?” అని నవ్వాడు అసిరయ్య. గంగులు చెవులు వేడెక్కాయి. వెళ్లే రోజున పడింది ఆ మాట.

చేపల తట్ట ఎత్తబోతున్న చెల్లెలు దేవి ఫోను లాక్కుని చూసింది. “ఇయి నీయి కావన్నా. నెలనెలా కడితే ఇనిపిస్తాది, మానేస్తే నోరు మూస్తాది.”

“దింపినాను కదే!”

“అద్దింట్లో మంచమేసుకుంటే ఇల్లు నీదైపోతాదేటి?”

గంగులు గవ్వల కుప్పల ముందు చతికిలబడ్డాడు. తలెత్తి, “ఒరే, ఇన్నాళ్లూ అందరూ సమానంగా ఇన్నారా లేదా?” అన్నాడు.

రాముడు తల గోక్కున్నాడు. “ఇంజను కాడ కూకునేవోణ్ణి మావా. నాకు సప్పుడే ఎక్కువ ఇనిపించీది. ఫోను నీ తలపాగాలో కదా ఉండీది!”

గంగులు తన కుప్పలోంచి గుప్పెడు గవ్వలు తీసి రాముడి కుప్పలో పోశాడు.

“ఇప్పుడు సరే కదా?”

“సరే మావా.”

బస్సు హారను వినిపించింది. గంగులు సంచీ చంకన పెట్టుకుని, వెనక్కి చూడకుండా గట్టెక్కాడు. అసిరయ్య తన గవ్వలు కండువాలో మూటగట్టుకున్నాడు. కొండబాబు, రాముడు లుంగీ మడతల్లో పోసుకున్నారు. వాటితో ఏం చేయాలో ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

ఇసుక మీద గంగులు కుప్ప మిగిలింది, గుప్పెడు తక్కువగా.